తీతువు ఎవరి కోసం అరుస్తుంది?

రాసుకునే ఆడవాళ్లకి నడక ఒక మంచి సాకు. "కాసేపు ఒంటరిగా ఆలోచించుకోవాలి" అంటే ఇంట్లో ఎవరూ చెవిన పెట్టరు. "షుగరు ఉంది, డాక్టరు నడవమన్నాడు" అంటే మాత్రం అందరూ ఊరుకుంటారు. అట్లా నాకు రోజూ పొద్దున ఒక గంట దొరికింది. పాతికేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి, వంటింటినీ వరండానీ దాటి సంపాదించుకున్న సొంత సమయం అదొక్కటే అంటే నవ్వుతారేమో గానీ నిజం.

పోయిన ఎండాకాలం ఆ గంట కూడా నాది కాకుండా పోయింది. మెదక్ చుట్టుపక్కల బీడీలు చేసే ఆడవాళ్లు తమ బతుకుల గురించి చెప్పిన మాటల్ని పుస్తకంగా తెచ్చే పనిలో పీకల దాకా మునిగి ఉన్నాను. పద్నాలుగు మంది. ముప్ఫై గంటల పైన రికార్డింగు. ఒక గంట మాటని కాగితం మీద పెట్టడానికి నాకు ఆరేడు గంటలు పట్టేది. వాళ్ల యాస చెడకూడదు, చదివేవాళ్లకి అర్థం కాకుండానూ పోకూడదు. నడుస్తున్నా చెవిలో వాళ్ల గొంతులే. కాళ్లు రోడ్డు మీద, మనసు రికార్డరులో.

మా ఇంటి నుంచి ఊరి చివర కుంట దాకా వెళ్లి వెనక్కి రావడం నా దారి. అక్కడ నిలబడితే ఒక పక్క గుట్ట మీద ఖిల్లా, ఇంకో పక్క చెట్ల మీదుగా చర్చి గోపురం కనిపిస్తాయి. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రారంభించిన ఆ చర్చిని కరువు రోజుల్లో పని చేసినవాళ్లకి తిండి పెట్టి కట్టించారని చెప్పుకుంటారు. ఊరి పేరు కూడా 'మెతుకు' నుంచే వచ్చిందంటారు. 2016 అక్టోబరులో మెదక్ మళ్లీ జిల్లా కేంద్రం అయ్యాక ఊరు తన అంచులు తాను దాటేసింది. బీడు భూములన్నీ వెంచర్లయ్యాయి. కుంట పక్కన బీట్లో కూడా సున్నం కొట్టిన హద్దురాళ్లు వరసగా పాతారు. ఇళ్లింకా రాలేదు. రాళ్ల మధ్య గడ్డి, గులకరాళ్లు, మేకల పెంటికలు, అక్కడక్కడా రేగుకంప.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున ఆ రాళ్ల మధ్య నుంచి అడ్డదారి పడదామని రోడ్డు దిగాను. పది అడుగులు వేశానో లేదో, నెత్తి మీదికి ఒక పక్షి దూసుకొచ్చింది. చెవులు చిల్లులు పడేట్టు అరుపు. నల్లటి గొంతు, తెల్లటి మెడ పక్కలు, కళ్ల ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు. తీతువు! ఒకటి కాదు, రెండు. ఒకటి నా చుట్టూ గిరికీలు కొడుతూ అరుస్తుంటే ఇంకోటి కాస్త దూరంలో నేల మీద దిగి, అటూ ఇటూ నాలుగడుగులు పరుగెత్తి మళ్లీ ఎగిరింది.

నేను చదువుకున్నదాన్ని. అభ్యుదయవాదినని అనుకుంటాను. అయినా ఆ క్షణంలో నా గుండె జల్లుమంది. తీతువు ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే మా నాయనమ్మ "ఎవరికి మూడిందో" అనేది. చిన్న వయసులోనే భర్త పోయిన నాయనమ్మకి ఆ పిట్ట మీద భయమూ ఉండేది, ఒకలాంటి జాలీ ఉండేది. ఎదురొస్తే అపశకునం అనే మాట తనూ జీవితమంతా పడింది కదా.

నా గుండె జల్లుమనడానికి ఇంకో కారణం ఉంది. ఆ ముందు రోజే మా పద్నాలుగు మందిలో ఒకామె తన కూతురితో కబురు చేసింది. "అమ్మ ఆ ముచ్చట రాయొద్దంటుంది మేడం" అని. ఆ ముచ్చట మొత్తం కలిపి నాలుగు వాక్యాలు. పెళ్లయిన కొత్తలో జరిగిన విషయం. అది ఏమిటో ఇక్కడ కూడా చెప్పను. ఆమె ఆ మాట చెప్పినప్పుడు బీడీ చుట్టే చేతులు ఆగలేదు, గొంతు మాత్రం మారింది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ప్రచురించేవాళ్లకి వినిపిస్తే, "ఈ నాలుగు వాక్యాలే పుస్తకానికి గుండెకాయ" అన్నారు. నిజంగానే గుండెకాయ. ఇప్పుడు తీసేయమంటే ఎట్లా?

అందుకే పిట్ట అరుపు వినగానే, 'అయిపోయింది, పుస్తకం ఆగిపోతుంది' అనుకున్నాను. ఎంత విచిత్రమో చూడండి. ఆ పక్షి తన లోకంలో తన పని మీద ఉంది. నేను దాని అరుపుని నా పుస్తకం గురించిన వార్తగా విన్నాను.

అప్పుడే మేకలు తోలుకొచ్చిన ఒక ముసలామె వెనక నుంచి కేకేసింది.

"గాడ నిలవడకు మేడం! ఇవతలికి రా."

"ఏమైందవ్వా? పామా?"

"పాము గాదు. అది గుడ్లు వెట్టింది. నువ్వు వోతెనే అది వొయ్యి గూసుంటది. ఎండ వొడుస్తున్నది, గుడ్లు మాడిపోవా?"

నేను రోడ్డు మీదికి వచ్చాను. అరుపు తగ్గలేదు. అవ్వ ఇంకా వెనక్కి రమ్మంది. ఇంకో ఇరవై అడుగులు వేశాక అరుపు ఆగింది. ఒక పక్షి దిగి, నేరుగా పోకుండా దొంగలాగా వంకరటింకరగా నడిచి, రెండు రాళ్ల మధ్య కూర్చుంది. అంతే, కనిపించకుండా పోయింది. గుడ్లు ఎక్కడున్నాయో నాకు అప్పటికీ తెలియలేదు. నేను వాటికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడ్డానో, ఇంకో అడుగు వేస్తే తొక్కేసేదాన్నేమో.

"నీకెట్ల తెలుసవ్వా?"

"రోజూ సూస్త గద." అంతే చెప్పింది. ఆమె మేకలు వచ్చే బాట ఆ చోటుకి ముందే మలుపు తిరగడం అప్పుడు గమనించాను. మలుపు దగ్గర రెండు రేగుకంపలు అడ్డంగా పడేసి ఉన్నాయి. వాటిని అక్కడ వేసింది ఆమే.

ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను: "ఈ పొద్దున ఒక తల్లి పక్షి తన పిల్లల కోసం నా మీద యుద్ధం ప్రకటించింది." చాలా బాగా వచ్చిందనిపించింది. ముందుమాటకి ఇదే మొదటి వాక్యం అనుకున్నాను. బీడీ చుట్టే తల్లులు, గుడ్లు కాచే తల్లి... పోలిక తనంతట తనే వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం ఊరికే ఉండలేక సలీం అలీ రాసిన భారతీయ పక్షుల పుస్తకం తీశాను. 1941లో మొదటిసారి వచ్చిన ఆ పుస్తకం మా తమ్ముడిది. అందులో తీతువు దగ్గర ఒక చిన్న మాట ఉంది. ఆడదీ మగదీ ఒకేలా ఉంటాయని. ఇంకొంచెం చదివితే తెలిసింది, గుడ్లు రెండూ కలిసి పొదుగుతాయి. మామూలుగా నాలుగు గుడ్లు, దాదాపు నెల రోజులు. ఎండ మండుతున్నప్పుడు నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. గూడంటూ ఏమీ ఉండదు, నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, పెంటికలు. గుడ్ల మీది మచ్చలే వాటికి రక్షణ. మనిషో కుక్కో దగ్గరికొస్తే ఒకటి లేచి గోల చేసి దృష్టి మళ్లిస్తుంది, ఇంకోటి చడీచప్పుడు లేకుండా పక్కకి జారుకుంటుంది.

అంటే నా మీద యుద్ధం ప్రకటించింది తల్లి అని నాకెవరు చెప్పారు? ఆ తల్లిని నేనే పుట్టించాను. మాతృత్వాన్ని ఆడవాళ్ల మీద రుద్దొద్దని ముప్ఫై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నదాన్ని, అరిచిన పక్షికల్లా చీర కట్టేశాను! నోటుబుక్కులో ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేస్తున్నప్పుడు బాధగానే ఉంది. మంచి వాక్యం కదా.

తర్వాత కొన్నాళ్లు ఈ పక్షి నన్ను వదల్లేదు. పంచతంత్రంలో, మిత్రభేదంలో, తీతువుల కథ ఉంది. సముద్రం ఒడ్డున గుడ్లు పెట్టడం మంచిది కాదు, వేరే చోటు చూడమని ఆడపక్షి అంటుంది. సముద్రం నన్నేం చేయగలదని మగపక్షి కొట్టిపారేస్తుంది. సముద్రం గుడ్లు తీసుకుపోతుంది. చివరికి పక్షులన్నీ గరుత్మంతుడి దాకా, గరుత్మంతుడు విష్ణువు దాకా వెళ్లాక గుడ్లు తిరిగొస్తాయి. చిన్నప్పుడు ఈ కథని పట్టుదలకి ఉదాహరణగా చెప్పారు మాకు. ఆడపక్షి ముందే చెప్పిందన్న సంగతి ఏ మాస్టారూ ఎత్తలేదు. కానీ ఇప్పుడు నాకు తోచింది అది ఒక్కటే కాదు. ఆ కథ చెప్పింది రాజకుమారులకి, రాజ్యం ఎట్లా ఏలాలో నేర్పడానికి. రాజస్థాన్‌లో తీతువు ఎత్తైన చోట గుడ్లు పెడితే వానలు బాగా పడతాయంటారు. మా నాయనమ్మకి దాని అరుపు చావు కబురు. నాకు ముందుమాట. ఇన్ని వందల ఏళ్లలో, ఆ పక్షి అరిస్తే 'నువ్వు పక్కకి జరుగు' అంటోందని విన్నది ఎందరు? మేకలు కాసే అవ్వలాంటి వాళ్లు వినే ఉంటారు. వాళ్లు పుస్తకాలు రాయలేదు.

ఇక్కడ నా అసలు ప్రశ్నకి వస్తాను. పక్షికి మాట రాదు కాబట్టి దాని అరుపుకి అర్థం తెలుసుకోవడానికి నేను పుస్తకాలు తిరగేశాను. మాట వచ్చిన మనిషి, నా భాషే మాట్లాడే మనిషి, "రాయొద్దు" అని తేటతెల్లంగా చెబితే మాత్రం దానికి వేరే అర్థాలు వెతికాను. 'భయపడుతోంది', 'ఎవరో చెప్పించారు', 'తన కథ విలువ తనకి తెలియదు', 'పేరు మార్చేస్తే సరిపోతుంది'... ఇవన్నీ నేను నాకు చెప్పుకున్న అర్థాలు. వీటిలో ఒక్కటి కూడా ఆమెని అడిగి తెలుసుకున్నది కాదు.

పేరు మార్చడం సంగతే చూద్దాం. హైదరాబాదులో కూర్చుని చదివేవాళ్లకి మారుపేరు చాలు. కానీ ఆమె ఉన్నది మూడు వీధుల ఊరు. భర్త ఏ ఏడు పోయాడు, కూతుళ్లు ఎందరు, ఏ కార్ఖానాకి బీడీలు వేస్తుంది, ఈ మూడూ చెబితే ఆమె ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. ఆ వివరాలు లేకుండా ఆమె కథ లేదు. తీతువు గుడ్ల మీద మచ్చలు వాటిని దాచేది ఎవరూ అక్కడే నిలబడి తదేకంగా చూడనప్పుడే. పుస్తకం అంటేనే నిలబడి చూడటం, పదిమందిని పిలిచి చూపించడం.

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో 'వేట' అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం ఈ మధ్య చదివి ఆశ్చర్యపోయాను. చంపడం, పట్టుకోవడం, వల వేయడం మాత్రమే వేట కాదు. పక్షుల గుడ్లని, గూళ్లని కదిలించి కలవరపెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. చేతిలో తుపాకీ ఉండక్కర్లేదు. మెదక్‌కి దగ్గర్లో ఉన్న పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం వేటకి వెళ్లే అడవి. 1952లో అది అభయారణ్యం అయింది. వేటగాడికీ చూసేవాడికీ మధ్య గీత అప్పుడు తేలిగ్గా గీసినట్టే కనిపిస్తుంది. ఒకడు చంపుతాడు, ఒకడు చూస్తాడు. కానీ చూపు కూడా ఎండలో గుడ్లని మాడ్చగలదని చట్టానికి తెలుసు, మేకల అవ్వకి తెలుసు. రాసేవాళ్లకే తెలిసినట్టు లేదు. ప్రేమతో చూస్తున్నాం కదా, గౌరవంతో రాస్తున్నాం కదా, ఇంక హాని ఎక్కడిది అనుకుంటాం. నేను కూడా ఆ పక్షి వైపు ప్రేమగానే చూశాను. నేను ప్రేమగా చూసినంతసేపూ గుడ్ల మీద నీడ లేదు.

ఈ మాట అనగానే మీలో చాలామందికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, ఎందుకంటే అది నాకే ముందు వచ్చింది. మౌనం ఆడవాళ్లకి ఎప్పుడు మేలు చేసింది? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లేకపోతే తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు ఏమనుకున్నారో, ఆ తర్వాత వాళ్లకి ఏమైందో మనకి తెలిసేదా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా గురించి నోరు విప్పకపోతే, ఆ సంగతి చదువు పాఠాల్లోకి ఎక్కకపోతే, ఉద్యమం ఊరూరా పాకేదా? ఇంటి గుట్టు అని మూసిపెట్టిన ప్రతి మూత కిందా ఏదో ఒకటి కుళ్లుతూనే ఉంది. వద్దన్న ప్రతి ఒక్కరి మాటా విని ఊరుకుంటే మన పత్రికల్లో సగం పేజీలు తెల్లగా మిగిలిపోవూ? పైగా ఆమె వద్దన్నది కూడా అల్లుళ్ల భయంతోనే అయితే, ఆ నాలుగు వాక్యాలు కొట్టేయడం అంటే అల్లుళ్ల మాట నెగ్గించడమే కదా?

దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. మే మొదటి వారంలో జరిగిన ఒక చిన్న విషయం మాత్రం చెబుతాను.

వెంచరులో నేల చదును చేయడానికి జేసీబీ వచ్చింది. దాన్ని చూడగానే నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడు మౌనంగా ఉంటే గుడ్లు నలిగిపోతాయి. అందరికీ చెబితే పిల్లలు గుంపులుగా వస్తారు, ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌తో వంగుతారు. ఏం చేయాలో తోచక నేను నిలబడి ఉండగానే అవ్వ మేకల్ని వదిలేసి డ్రైవరు దగ్గరికి వెళ్లింది. "బిడ్డా, గా నాలుగు రాళ్ల నడుమ ఇంక పది పన్నెండు రోజులు జెయ్యి వెట్టకు. తీతువ గుడ్లున్నయ్" అంది. ఆ అబ్బాయి అటు చూసి, సరేనని మిగతా చోటంతా చదును చేసుకుని పోయాడు. అవ్వ ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. చెప్పాల్సిన రోజున, చెప్పాల్సిన ఒక్కడికి, చెప్పాల్సినంత చెప్పింది. మూసి ఉంచడమూ ఆమె పనే, విప్పడమూ ఆమె పనే. రెండింటికీ కొలత ఒక్కటే, గుడ్లు బతకాలి.

నా కొలత అది కాదని అప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. నా కొలత పుస్తకం బతకాలి. నోరు నొక్కేయడం వల్ల వచ్చే మౌనం వేరు, తనకి తానుగా దాచుకునే మాట వేరు. మన ఉద్యమాలు మొదటిదాన్ని బద్దలు కొట్టాయి, కొట్టాలి కూడా. దూబగుంట ఆడవాళ్లు మాట్లాడింది తమకి కావలసినదాని కోసం. మా ఆమె మాట బయటపడితే కావలసింది దొరికేది నాకు. ఎండ తగిలేది ఆమెకి. ఆమె అల్లుళ్లకి భయపడే వద్దంటున్నా సరే, ఆ భయంతో రేపు అదే ఇంట్లో బతకాల్సింది ఆమె. పుస్తకావిష్కరణ సభ అయ్యాక నేను మా ఇంటికి నడిచి పోతాను.

జూన్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమెకి చదవడం రాదు, అందుకని టైపు చేయించిన కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఈ పని అంతకుముందే చేయాల్సింది. పద్నాలుగు మందిలో ఎవరికీ చేయలేదు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ వింది. ఆ నాలుగు వాక్యాల దగ్గరికి రాగానే కత్తెర ఆగింది.

"గది తీసెయ్యి అక్కా. అది నా బిడ్డలకు జెప్పిన. చాలు."

"సరే, తీసేస్తా."

"గానీ బీడీల లెక్క మంచిగ రాయలే నువ్వు. మంచిగ లేవని పక్కకు పడేస్తరు, వాటికి కూలి గట్టరు, మల్ల వాపసు ఇయ్యరు. గవ్వి యాడ వోతయి? గది రాయి. నా పేరు గూడ వెట్టు."

నా రికార్డింగులో అది ఉంది. ఇరవై నిమిషాల పాటు ఉంది. 'ఇది అందరూ చెప్పేదే' అని నేనే రెండు వాక్యాలకి కుదించాను. ఆమె దాచమన్నదాన్ని నేను గుండెకాయ అనుకున్నాను, ఆమె అరిచి చెప్పినదాన్ని కత్తిరించేశాను. తీతువు విషయంలో చేసిందే మళ్లీ చేశాను. అరుపు విన్నాను, అరుపులో మాట వినలేదు.

మిగిలిన పదమూడు మంది ఇళ్లకీ వెళ్లాను. పుస్తకం నాలుగు నెలలు ఆలస్యమైంది. ఇద్దరు కొన్ని మాటలు తీయించారు. ఐదుగురు కొత్తగా చెప్పారు. ఒకామె మొత్తం తన కథే వద్దంది, తీసేశాను. ప్రచురించేవాళ్లు నొచ్చుకున్నారు. ఆ నాలుగు వాక్యాలు లేని అధ్యాయం కొంచెం వెలితిగానే ఉంది, ఒప్పుకుంటాను. చదివినప్పుడల్లా ఆ చోటు నాకు కనిపిస్తుంది. చదివేవాళ్లకి కనిపించదు, కనిపించకూడదు.

ఆడవాళ్లని పక్షులతో పోల్చి నేను కూడా పాత తప్పే చేస్తున్నానేమోనన్న అనుమానం ఇది రాస్తున్నంతసేపూ ఉంది. పక్షిని నేను అడగలేను. అది ఎంత దూరంలో ఊరుకుంటుందో చూసి, అంత దూరం జరగాలి, అంతే. మనిషిని అడగొచ్చు. అడగ్గలిగినప్పుడు ఊహించుకోవడం సోమరితనం, అడిగాక వినకపోవడం దానికంటే పెద్ద తప్పు. ఈ తేడా తెలిసి ఉంటే చాలు, పోలిక వల్ల పెద్ద హాని లేదనుకుంటాను.

మే మూడో వారంలో ఒక పొద్దున కుంట దగ్గరికి వెళ్లేసరికి ఆ రాళ్ల మధ్య అరుపు లేదు. ప్రాణం ఉసూరుమంది. కుక్కలా? ముంగిసా? దగ్గరికి వెళ్లి చూద్దామని ఒక అడుగు వేసి ఆగాను. కాసేపటికి అరుపు వినిపించింది. ఈసారి చాలా దూరం నుంచి, కుంట నీటి అంచు వైపు నుంచి. తీతువు పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటలకే నడుస్తాయి, తల్లో తండ్రో అరవగానే నేలకి అతుక్కుని రాయిలా కదలకుండా ఉంటాయి. అరుపు చోటు మారిందంటే కాపాడాల్సినవి కూడా నడిచి అక్కడికి చేరాయన్నమాట.

అవ్వ మేకల్ని కుంటకి అటు పక్క నుంచి తోలుకొస్తోంది. నేను కూడా ఆ రోజు నుంచి అటు పక్క నుంచే నడుస్తున్నాను.